మునిగిన గుడి

ఆ ఊరి గైడుకు అన్నం పెట్టేది సముద్రంలో మునిగిందని చెప్పే గుడి. ఒడ్డున ఉన్న పాత గుడికి వీపు పెట్టి అతను ఎడమవైపు వేలు చూపిస్తే, చూడవచ్చినవాళ్లు ఫోన్లెత్తి నీళ్లను ఫొటో తీసుకునేవారు. ఆరోజు అతని బావమరిది, అతనూ గైడే, తన గుంపుతో పక్కనే వచ్చి నిలబడి అదే గుడిని కుడివైపు చూపించాడు.

"అదేమిటయ్యా, నువ్విటు, అతనటు!" అంది గొడుగు పట్టుకున్న పెద్దావిడ. "ఇంతకీ గుడెక్కడ?"

గైడు చాచిన వేలు దించలేదు. గుడి లేదని తేలితే రేపటినుంచి తనను పిలిచేవాడుండడు.

"వేలు దించరా, కొంప తీస్తున్నావ్," అన్నాడు బావమరిదితో, నవ్వు చెదరనివ్వకుండా.

"నువ్వే దించు బావా. ఇది మా నాన్న చూపించిన చోటు."

"నాకూ మీ నాన్నే చూపించాడు కదరా!"

పెద్దావిడ గొడుగు మడిచింది. గైడు గొంతు సవరించుకున్నాడు.

"మునిగినవి రెండమ్మా. గొడవలు రాకుండా మా మామగారు కొడుక్కొకటి, అల్లుడికొకటి పంచి పోయారు."

జనం తలలూపారు. ఎడమవైపు నీళ్లను తీశారు, తర్వాత కుడివైపు నీళ్లను తీశారు. ఒకాయన మాత్రం, శిల్పం కుడివైపుదే బాగుందని వాదించాడు.