మైకమ్మా, యాభై సీసీ బండీ

దర్జీ షాపులో ఆరు కుట్టుమిషన్లు ఒకేసారి తిరుగుతుంటే, వాటి మోతను మించి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు అలాగే స్థిరపడిపోయింది. చుట్టాలంతా మైకమ్మ అంటారు. "కాస్త గొంతు తగ్గించవే" అన్న మాట ఆమె విన్నన్నిసార్లు సొంత పేరు కూడా విని ఉండదు.

ఆ మైకమ్మ కన్ను బాబాయి బండి మీద పడింది. నలభై ఏళ్ల నాటి యాభై సీసీ రేసు బండి. సన్నటి టైర్లు, పొడవాటి ఎర్ర ట్యాంకు, బోర్లా వంగి పట్టుకోవాల్సిన పొట్టి హ్యాండిల్. జీవితమంతా బండ్లు బాగుచేసిన బాబాయికి ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. అల్లుడికిస్తే దాన్ని ఆఫీసు ముందుగదిలో అద్దాల పెట్టెలో పెడతాడట. ఆ మాట అల్లుడే గొప్పగా చెప్పుకున్నాడు. వినగానే మైకమ్మకి ఒళ్లు మండిపోయింది. పరుగెత్తడానికి పుట్టిన బండిని బొమ్మని చేస్తారా?

తనకే ఇమ్మని ఆమె కూడా అడిగింది. బాబాయికి ఎవరినీ నొప్పించడం చేతకాదు. "గుట్ట మీది నీళ్ల ట్యాంకు దాకా కాలు కింద పెట్టకుండా ఎవరెక్కిస్తే బండి వాళ్లది" అని తేల్చేశాడు.

ముందు అల్లుడు బయల్దేరాడు. ఆయన సొంత బండి చాలా పెద్దది. వీధి మలుపు తిరిగేలోపే నాలుగో గేరు వేయడం అలవాటు. మొదటి వంపులో చిన్న ఇంజన్ కీచుమంది. ఆయన జాలిపడి పై గేరు వేశాడు. రెండో వంపులో మళ్లీ కీచుమంది, మళ్లీ జాలిపడ్డాడు. మూడో వంపులో బండి ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. రెండు కాళ్లూ నేలకి ఆనించి, మెల్లగా దొర్లించుకుంటూ దిగి వచ్చాడు.

"పాపం, ఏడుస్తోంది మావయ్యా! ముసలి బండిని హింసపెట్టలేకపోయాను."

"పోన్లెండి అల్లుడుగారూ" అన్నాడు బాబాయి, నవ్వు మీసాల్లో దాచుకుంటూ.

మైకమ్మ హెల్మెట్ బిగించింది.

"మరదలా, నెమ్మది. దాన్ని అరిపించకు" అన్నాడు అల్లుడు.

"మీరు పక్కకి జరగండి బావా!" అంది. ఆ మాట వీధి చివరి ఇంటి దాకా వినిపించింది.

ఆ కీచు ఆమె చెవికి కొత్త కాదు. మిషన్ జోరుగా తిరిగేటప్పుడు భయపడి కాలు తీస్తే కుట్టు పాడవుతుందని ఆమెకి తెలుసు. అందుకే గేరు మార్చలేదు. ఇంజన్ వేగం చూపే ముల్లు ఎనిమిది వేలు దాటేసరికి బండికి ప్రాణం లేచొచ్చింది. రెండు వంపులు ఇట్టే దాటింది. మూడోది బాగా ఏటవాలు. ముల్లు జారింది, బండి ఊగింది, ఎడమకాలు నేల వైపు పోబోయింది. చప్పున వెనక్కి లాక్కుని, అదే కాలితో ఒక గేరు కిందికి దించింది. బండి గొంతు చించుకుంది. "పదవే!" అని ఆమె కూడా అరిచింది. ఏ గొంతు ఎవరిదో కింద నిలబడ్డవాళ్లు పోల్చుకోలేకపోయారు.

నీళ్ల ట్యాంకు చుట్టూ ఒక చుట్టు తిరిగి, దిగి వచ్చి గేటు ముందు ఆపింది.

"బాగా ఏడిపించావు" అన్నాడు బావ.

"ఏడుపేంటి బావా? దాని గొంతే అంత."

బాబాయి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "దీని నోరు మూయించమని మీ పిన్ని నలభై ఏళ్లు పోరింది. మూయిస్తే గుట్టెక్కదే అమ్మాయ్. నువ్వూ గొంతు తగ్గించకు."

మైకమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరే బాబాయ్" అంది, పెదవులు దాటీ దాటకుండా.

బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ? వినపడలేదు."