కృపమ్మక్క అడిగిన నెగటివ్

నా కెమెరాని ఎవరైనా ఒక మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మాయి జెరూషాకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే రోజుకొకసారైనా అంటుంది.

నలభై ఏళ్ళ కిందట, నందిగామలో స్టూడియో పెట్టిన కొత్తలో కొన్న రీలు కెమెరా అది. ఒళ్ళంతా లోహమే. పెళ్ళి పందిట్లో రెండుసార్లు, స్కూటరు మీంచి ఒకసారి కింద పడింది. మూల మీద చిన్న సొట్ట తప్ప దానికేమీ కాలేదు. ఆ రోజు మెకానిక్ దగ్గరికి తోసుకెళ్ళింది స్కూటరునే. ఇప్పుడు స్టూడియో నడిపేది జెరూషా. పన్నెండేళ్ళలో మూడు డిజిటల్ కెమెరాలు మార్చింది. ఒకదానికి షట్టర్ పోయింది. ఇంకోదానికి తెర నల్లబడింది. మూడోదానికి ఏ రోగమూ లేదు గానీ దాని బ్యాటరీ ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదట. మూడింటినీ టేబుల్ సొరుగులో పెట్టింది. స్టూడియోకి ఎవరొచ్చినా ఆ సొరుగు లాగి చూపించడం నాకు అలవాటు.

"శవాల్ని చూపించడం అయిందా నాన్నా?" అంటుంది జెరూషా. "నీ కెమెరా ఇంకా బతికే ఉంది, ఒప్పుకున్నా. పదిహేనేళ్ళుగా ఒక్క ఫొటో తియ్యలేదు కదా. అలా బీరువాలో కూర్చోబెడితే నేనూ నూరేళ్ళు బతుకుతా."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. ఎవరి పోలికో నేను చెప్పను.

మొన్న జనవరిలో ఒక గురువారం ఆశీర్వాదం బావ స్టూడియోకి వచ్చాడు. జగ్గయ్యపేట అవతల పల్లెలో ఉంటాడు. ట్రాక్టరు డ్రైవరు. ఆయన భార్య కృపావతీ నేనూ చిన్నప్పుడు ఒకే సండే స్కూల్లో చదివాం. నాకంటే ఏడాది పెద్ద కాబట్టి కృపమ్మక్క అంటాను. ఆ వరసన ఈయన బావ.

ఈ బావ విశ్వాసుల ఇంట్లోనే పుట్టాడు. ఆ పేరు పెట్టింది కూడా పాస్టరే. అయినా అరవై ఆరేళ్ళొచ్చినా బాప్తిస్మం తీసుకోలేదు. మా సంఘాల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక ఎవరికి వారు ఒప్పుకుని, ఏట్లో తలతో సహా మునిగి లేవాలి. లేచాక కల్లు మానాలి, చుట్ట మానాలి, అబద్ధం మానాలి. మొదటి రెండూ ఎలాగోలా మానగలడు గానీ మూడోది ఆయన వల్ల అయ్యే పని కాదని మా అందరి నమ్మకం. బాప్తిస్మం లేనివాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. అందుకని నలభై ఏళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం అక్క గుడి లోపల రొట్టె తీసుకుంటుంటే, బావ బయట వేపచెట్టు కింద చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. అక్క ఏడవని మొదటి ఆదివారం లేదు.

ఆమె పోరు పడలేక బావ రెండుసార్లు మోసం చేశాడు. ఇరవై ఏళ్ళ కిందట బెజవాడ సభలకి వెళ్ళి, తడి తువాలు భుజాన వేసుకుని వచ్చి, "మునిగొచ్చా" అన్నాడు. వారంలో బయటపడింది. రెండోది మొన్న డిసెంబరులో. మిరపకాయల కల్లంలో అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. మంచం మీద నుంచి అదే పోరు. బావ మనవడు నవీన్‌బాబుని పట్టుకున్నాడు. వాడు ఫోన్లో ఏదో నొక్కి బొమ్మ తయారుచేశాడు. తెల్లబట్టల్లో బావ, చుట్టూ నీళ్ళు, మొహం నిండా నవ్వు. అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎవరీ పెద్దమనిషి? ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయే!" అంది. బావకి ఉన్నవి మూడు పళ్ళు. ఆ రోజు నుంచి ఎవరు ఫోను చూపించినా మొహం అటు తిప్పుకుంటోంది.

"ఈసారి నిజంగానే మునుగుతున్నా రాజు," అన్నాడు బావ, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని. "వచ్చే ఆదివారం. మునేట్లో. ఏలీయా పాస్టరు గారు ఒప్పుకున్నారు."

"అబ్బో! ఇప్పుడేం వచ్చింది బావా?"

"కృప బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషనుకి పోతా పోతా నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'అక్కడ కూడా నువ్వు బయట చెట్టు కింద కూర్చుంటావా?' అంది. దొంగ బొమ్మతో నోరు మూయిద్దామనుకున్నా. నావల్ల కాలా. నిద్ర పట్టట్లా." బావ తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "అది ఇప్పుడు ఏటికి రాలేని మనిషి కదా. పాస్టరు గారు చెప్తే మునిగానని నమ్ముద్దంట. కానీ 'నలభై ఏళ్ళు కాచుకుంది ఇంకొకరి నోటి మాట వినడానికా? నీళ్ళలోంచి లేచినప్పుడు ఆ మొహం చూడాలి' అంటంది. ఫోను బొమ్మలొద్దంట. రాజు తమ్ముడు మా పెళ్ళికి తీసిన కెమెరాతోనే తియ్యాలంట. ఫొటోతో పాటు నెగటివ్ కూడా చూపించాలంట. దాన్ని ఎవరూ మార్చలేరంట."

వాళ్ళ పెళ్ళే ఆ కెమెరాతో నేను తీసిన మొదటి పెళ్ళి. ఆ పెళ్ళి నెగటివ్ ముక్క ఇప్పటికీ అక్క బైబిల్లో ఉంది. నాకు ఒక్కసారిగా పాతికేళ్ళు తగ్గాయి. జెరూషా వైపు చూశాను. సొరుగు లాగలేదు, అంతవరకే.

రీళ్ళు నందిగామలో దొరకవు. జెరూషానే ఫోన్లో వెతికి రెండు నలుపు తెలుపు రీళ్ళూ, కడిగే మందులూ తెప్పించింది. ఎగతాళి చెయ్యకుండా తెప్పించింది, అది వింతే.

ఆదివారం పొద్దున్నే మునేటి రేవులో పాటలు మొదలయ్యాయి. చలి. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు తొమ్మిదిమంది. బావ ఆఖరివాడు. పెళ్ళిలో ఉంగరం మళ్ళీ తొడగమంటే తొడుగుతారు, కేకు మళ్ళీ కొయ్యమంటే కోస్తారు. బాప్తిస్మం అలా కాదు. మనిషి జన్మలో ఒక్కసారే మునుగుతాడు. ఫొటో సరిగా రాలేదు, మళ్ళీ ముంచండి అంటే ఏ పాస్టరూ ఒప్పుకోడు.

ఒడ్డున కారు బానెట్ మీద పెట్టి రీలు ఎక్కించాను. షుగర్ వచ్చాక నా వేళ్ళ చివర్లకి స్పర్శ సరిగా తెలియదు. చలికి అదీ పోయింది.

"నేను ఎక్కించనా నాన్నా?"

"నువ్వు పుట్టకముందు నుంచి ఎక్కిస్తున్నా."

"సరే, రీలు జరిపే లీవరు లాగినప్పుడు ఎడంపక్క చక్రం తిరుగుతోందో లేదో చూస్కో. రీలు పట్టుకుంటేనే అది తిరుగుద్దని నువ్వే చెప్పావు."

"నాకు పాఠాలు చెప్పకు," అని నీళ్ళలోకి దిగాను. చక్రం వైపు చూడలేదు. చూస్తే జెరూషా మాట విన్నట్టవుతుందని చూడలేదు.

నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాను. పాస్టరు గారు బావ వీపుకింద చెయ్యి వేసి వెనక్కి వంచారు. తెల్లచొక్కా నీళ్ళలో మాయమైంది. బావ లేచాడు. నోరు తెరిచి ఊపిరి పీల్చి, కళ్ళు తెరవకుండానే, "కృపా!" అని అరిచాడు. ఏటి మధ్యలో, ఆమె అక్కడ లేదని తెలిసీ అరిచాడు. ఆ మూడు పళ్ళూ, ఆ నీళ్ళు కారే మొహమూ చూస్తూ నొక్కుతూనే ఉన్నాను. షట్టరు చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఒడ్డు మీద జెరూషా కూడా తన కెమెరాతో తీస్తోంది. ఎందుకైనా మంచిదని తీస్తున్నట్టుంది అనుకుని నవ్వుకున్నాను.

ముప్పై ఆరు ఫొటోలు అయ్యాక లీవరు బిగిసిపోవాలి. ముప్పై తొమ్మిదో సారి కూడా హాయిగా కదిలింది. దానర్థం ఏ ఫొటోగ్రాఫరుకైనా తెలుసు. నాకూ తెలుసు. లెక్క తప్పానేమోలే అని నాకు నేను చెప్పుకున్నాను.

మధ్యాహ్నం స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి రీలు కడిగాను. బయటికి తీసి వెలుతురుకి పట్టుకుంటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉంది. గాజు ముక్కలా అవతలి గోడ కనిపిస్తోంది. రీలు అసలు కదలలేదు. నేను తీసిన ఫొటోల్లో ఒక్కటీ లేదు. తలుపు గొళ్ళెం తియ్యకుండా అక్కడే బకెట్ బోర్లించుకుని కూర్చుని ఏడ్చాను. కెమెరాకి నలభై ఏళ్ళలో ఏమీ కాలేదు. పాడైంది నా వేళ్ళు, అంతకంటే ముందు నా పొగరు.

జెరూషా తలుపు అవతల నుంచి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున బావ వచ్చాడు. కొత్త చొక్కా. నోట్లో చుట్ట లేదు. విషయం చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. జెరూషా తన కెమెరా తెర మీద ఫొటోలు చూపించింది. నీళ్ళలోంచి లేచే మొహం, తెరిచిన నోరు, అన్నీ ఉన్నాయి. బావ వేలు ఆ తెర మీద ఆగిపోయింది.

"ఇది కృప నమ్మదు," అన్నాడు.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. "నమ్మించొచ్చు బావా. ఇంకో రీలు ఉంది. ఈ ఫొటోనే పెద్ద కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించి, దాన్ని నా కెమెరాతో తీస్తా. అచ్చమైన నెగటివ్ వస్తుంది. నేను తీసిందో, జెరూషా తీసిందో తెలుసుకునేవాడు ఈ జిల్లాలో లేడు. మొహం నీదే, నీళ్ళు మునేటివే. ఇందులో అబద్ధం ఏముంది?"

పాత ఆశీర్వాదం అయితే నన్ను భుజం మీద ఎత్తుకునేవాడు.

"అబద్ధం లేకపోతే దానికి చెప్పే చేస్తావా?" అని అడిగాడు. "నిన్ననే లేచా రాజు నీళ్ళలోంచి. బట్టలింకా దండెం మీదే ఉన్నాయి. ఆ తెల్లరీలు ఇటివ్వు. అదే చూపిస్తా."

ముగ్గురం జెరూషా కారులో వెళ్ళాం. ఆయన ఒళ్ళో చుట్టిన రీలు. నా ఒళ్ళో కెమెరా, అది ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

అక్క దిండు ఎత్తుగా పెట్టించుకుని ఎదురుచూస్తోంది. కళ్ళజోడు ముందే తుడిచి పెట్టుకుంది. బావ రీలు ఆమె చేతిలో పెట్టాడు. అక్క దాన్ని కిటికీ వైపు ఎత్తి, మూరెడు మూరెడు జరుపుతూ చివరిదాకా చూసింది.

"ఏమీ లేదే?"

"ఏమీ లేదు కృపా. ఫొటోలు రాలా. రీలు తిరగలేదంట," అన్నాడు బావ. "జెరూషా కెమెరాలో వచ్చినయ్. అయ్యి నువ్వు చూడవు. రాజు ఏమో దాన్లోంచి ఒక దొంగ నెగటివ్ చేసిస్తానన్నాడు. నువ్వు కనిపెట్టలేవన్నాడు. నేను వద్దన్నా."

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఈ మనిషి అబద్ధం మానతాడని అనుకున్నాను గానీ, నన్ను ముంచి మానతాడని అనుకోలేదు.

అక్క నా మొహం చూసింది. మొగుడి మొహం చూసింది. చేతిలో తెల్లరీలు చూసింది.

"అయితే నిజంగానే మునిగావయ్యా," అంది. "మునక్కపోతే ఈపాటికి నా చేతిలో పది ఫొటోలు పెట్టేవాడివి."

బావ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చేతిలో మొహం పెట్టుకున్నాడు. అక్క ఆయన తల నిమురుతూ ఏడుస్తూనే నావైపు తిరిగింది.

"నువ్వు మునిగి నలభై ఐదేళ్ళయింది కదా తమ్ముడూ. బాగా ఆరిపోయినట్టున్నావ్."

జెరూషా ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇటు రా అమ్మా జెరూషా," అంది అక్క. "నీ కెమెరా ఇటు తే. ఆ మొహం చూడనీ."

తెర మీద బావ నీళ్ళలోంచి లేస్తున్నాడు. అక్క కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "ఒకటి, రెండు, మూడు," అని పళ్ళు లెక్కపెట్టుకుంది. "ఈయనే. నోరు ఎందుకు తెరిచాడు? ఏమన్నాడు?"

"నీ పేరే పిలిచాడత్తా," అంది జెరూషా.



ఫిబ్రవరి మొదటి ఆదివారం ఏలీయా పాస్టరు గారు ఆరాధన అయ్యాక రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఆ ఇంటికే వచ్చారు. నేను రెండో రీలూ, కెమెరా జెరూషా చేతిలో పెట్టి, "నువ్వు ఎక్కించమ్మా," అన్నాను. వెనక తలుపు ఎలా తెరవాలో, రీలు చివర లోపలి చక్రం పళ్ళకి ఎలా తగిలించాలో చెప్పాను. రెండే నిమిషాల్లో నేర్చుకుంది. లీవరు లాగి నా కళ్ళ ముందు పెట్టింది. ఎడంపక్క చక్రం తిరిగింది.

పాస్టరు గారు రొట్టె విరిచి ముందు అక్కకి, తర్వాత బావకి ఇచ్చారు. నలభై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే రొట్టె నోట్లో పెట్టుకున్నారు. నేను నొక్కాను.

ఆ నెగటివ్ ఇప్పుడు అక్క బైబిల్లో, పెళ్ళి నెగటివ్ పక్కనే ఉంది. వాటి మధ్య ఆ తెల్లరీల్లోంచి కత్తిరించిన ముక్క ఒకటి కూడా దాచుకుంది. దాన్ని మాత్రం ఎవరొచ్చినా బయటికి తీసి, వెలుతురుకి పట్టుకుని చూపిస్తుంది. "ఇది మా ఆయన బాప్తిస్మం ఫొటో," అని చెప్తుంది.