డాబా మీది చెవి

విమానాశ్రయం వాళ్ళు ఆ ఇంటి డాబా మీద ఓ గొట్టం పాతి, దాని చివర మైకు, కింద ఇనప్పెట్టె బిగించి వెళ్ళారు. మోత హద్దు దాటిందని పెట్టె తేలిస్తే కిటికీలకు రెండు పొరల అద్దాలు వాళ్ళే వేయిస్తారు. ఆ ఇంటి కోడలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పగలు పడుకోవాలి, పగలేమో నెత్తి మీద విమానాలు. ఇలాగే సాగితే ఉద్యోగం మానుకోవడమేనని ఇప్పటికే ఒకటికి రెండుసార్లు అంది.

ఓ ఉదయం విమానాశ్రయం పర్యావరణ విభాగం నుంచి శబ్దాలు కొలిచే ఇంజనీరు వచ్చాడు. అత్తగారు తలుపు తీసింది.

"అమ్మా, మీ డాబా మీద పెట్టెలో పగటిపూట విమానం కాని మోత ఒకటి నమోదవుతోంది. విమానం కంటే పెద్దది. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు, ఏంటో కనుక్కుందామని వచ్చా."

"మా ఆయన గురక కాబోలు."

"ఆయన పగలు పడుకుంటారా?"

"మెలకువ వచ్చినా పడుకునే ఉంటాడు నాయనా."

పేపరు చాటునుంచి మామగారు, "నన్ను లాగకే" అన్నాడు.

ఇంజనీరు డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు తట్టి చూశాడు, వదులుగా ఉన్న రేకు ఊపి చూశాడు. పావురాలేమోనని మూలమూలలా వెతికాడు. ఇంతలో విమానం వచ్చింది. వెనకే డాబా ఎక్కిన అత్తగారు గబగబా వెళ్ళి మైకుకు నోరు ఆనించింది.

"అదిగో, వచ్చింది వినండి. కోడలుపిల్లకు ఇప్పుడే కునుకు పట్టింది. మీకు పుణ్యముంటుంది, రాసుకోండి" అని గొంతు చించుకుంది.

ఇంజనీరు చేతిలోని టాబ్ చూశాడు. ఆవిణ్ణి చూశాడు.

"రోజూ ఇలాగే చెబుతారా?"

"చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? పెట్టె వింటుందని మీవాళ్ళే అన్నారుగా."

"వింటుంది గానీ దానికి మాట తెలీదమ్మా. ఎంత గట్టిగా ఉందో అంతే."

"మాట ఎక్కని చెవులు మా ఇంట్లో ఒక జత ఉన్నాయిగా, మళ్ళీ ఇదెందుకు?"

అతను టాబ్‌లో గీత చూపించాడు. విమానం చిన్న గుట్టలా ఉంది. దాని మీద ఆవిడ గొంతు తాడిచెట్టులా లేచింది.

"ఇది నేనా?" ఆవిడ మొహం వెలిగింది.

"మీరే. మీ గొంతులో విమానం కలిసిపోయింది. ఈ కొలతలు పనికిరావు, మళ్ళీ మొదలెట్టాలి."

వెలుగు ఆరిపోయింది. "అంటే పిల్లకు అద్దాలు రాకుండా నా నోటితో నేనే..."

"అవకాశం ఇంకా పోలేదమ్మా. ఇకమీదట మీరు పైకి రాకపోతే చాలు."

మెట్ల మీద కోడలు, నిద్రకళ్ళతో. అంతా విన్నట్టే ఉంది.

"నిజం చెప్పనా అత్తయ్యా? విమానమొస్తే ఉలిక్కిపడి లేస్తా. మళ్ళీ కునుకు పట్టేలోపే మీరు అందుకుంటారు. ఇక నిద్ర గోవిందా."

"ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నా కోసం అరుస్తుంటే అరవద్దని ఎలా చెప్పను?"

అత్తగారు ఇంజనీరు వైపు తిరిగింది. "అయితే బాబూ, దీని నిద్ర చెడగొట్టేది విమానమా, నేనా?"

"నాకూ అదే తెలుసుకోవాలనుంది" అన్నాడు ఇంజనీరు.

అందరినీ కిందికి దింపి, ఆవిడ డాబా తలుపుకు తాళం వేసింది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో. ఇంట్లో ఉంటే నేను ఊరుకోను."