ఇసుక కొట్టించిన గోడ

డెస్ ట్రిగ్‌వెల్‌ది కూల్చిన ఇళ్ల సామాను అమ్మే వ్యాపారం. మెరింగా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఏ పాత ఇల్లు పడినా తలుపులూ, రంగు గాజుల కిటికీలూ, ఎర్ర పెంకులూ అతని కొట్టుకే చేరేవి. గేటు దగ్గర నిలబడి ఒక్క చూపు చూసి, ఆ ఇంట్లో ఏది అమ్ముడుపోతుందో, ఏది పారబోయాలో చెప్పేసేవాడు. అలాంటివాడి ఇల్లే పడిపోయే రోజు వచ్చింది.

ఇల్లు నిజానికి భార్య ఎవరిల్‌ది. ఆస్ట్రేలియా ఒక్క దేశంగా కలిసిన కొత్తలో, 1908లో, ఆమె తాత కట్టించాడు. చెక్క చెక్కడాల వరండా, ఎర్ర ఇటుక గోడలు. పాత ఇల్లంటే నామోషీగా ఉన్న 1960ల్లో ఆమె తండ్రి ఆ గోడలకి మీగడ రంగు పెయింటు వేయించాడు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు వచ్చింది. ఇల్లు సరిగ్గా దారిలో ఉంది.

ఎవరిల్‌కి చూపు పోయి నాలుగేళ్లు. ఆ ఇంట్లో అయితే ఎవరి సాయం లేకుండా టీ కాచుకునేది, బట్టలారేసేది. వేరే ఇంట్లో అయితే కుర్చీ వదిలి అడుగు వెయ్యలేకపోయేది. పిల్లలు లేరు. డెస్ కొట్టుకి వెళితే చూసే మనిషి లేడు. ఇల్లు పోతే ఆమె వృద్ధుల వసతి గృహానికి పోవలసిందే.

ఒక్కటే దారి. కాపాడవలసిన పాత ఇళ్ల జాబితాలో ఇంటి పేరు ఎక్కితే రోడ్డు ఎదుటి ఖాళీ స్థలంలోంచి పోతుంది. దాన్ని తేల్చడానికి పాస్కల్ అనే అధికారిణి గురువారం వస్తానంది.

డెస్ వెళ్లి ముసలి తాపీమేస్త్రి క్లెమ్‌ని తీసుకొచ్చాడు. క్లెమ్ ముందు గోడ మూలన కత్తితో గోరంత పెయింటు లేపి, చాలాసేపు చూశాడు. ఇటుకల సందుల్లో ఇటుక రంగు సున్నం పూడ్చి, దాని మీద పెన్సిల్ మందాన తెల్ల గీత నిలబెట్టిన పాతకాలపు పని. చెక్కుచెదరలేదు.

"పెయింటుకి మందు పూసి బారెడు బారెడు ఊడదియ్యాలి. ఆరు వారాలు పడుతుంది. ఒరేయ్ డెస్, తొందరపడకు. ఆ వచ్చే అధికారిణికి ఈ మూల చూపించు, చాలు."

డెస్ లెక్క వేరు. పెయింటు కింద మంచి దేవదారు తలుపుందంటే ఏ గిరాకీ నమ్మిందీ లేదు. గీకి నున్నగా చేసి పెడితే ఎగబడి కొన్నారు. పాస్కల్ కూడా గిరాకీయే అనుకున్నాడు. లారీల తుప్పు వదలగొట్టే మనిషిని పిలిచి, శనివారం ఒక్క రోజులో గోడలన్నిటికీ యంత్రంతో ఇసుక కొట్టించాడు. సాయంత్రానికి ఇల్లు ఎర్రగా మెరిసింది. మీ తాత నాటి రంగు తిరిగొచ్చిందని చెబితే ఎవరిల్ ఏడ్చినంత పని చేసింది.

గురువారం పాస్కల్ వచ్చి, ఇంటి ముందు గోడని వేలితో రుద్దింది. ఎర్ర పొడి రాలింది. వేలు తుడుచుకుని లోపలికి నడిచింది. డెస్ కొట్లో సరుకు చూపించినట్టే చూపించాడు. ఈ రంగు గాజులు డాక్టరు గారి ఇంటివి, ఇంతకు ముందున్నవి నాసిరకం. ఈ రేకు పైకప్పు బ్యాంకు మేనేజరు ఇంటిది. వరండా చెక్కడం కొండ మీది స్కూలుది. మంచివి దొరికినప్పుడల్లా పాతవి తీసేసి ఇవి పెట్టానన్నాడు. ఆవిడ కలం ఆగిపోయింది.

వరండాలోకి వచ్చాక అంది: "ట్రిగ్‌వెల్ గారూ, ఈ ఇంటికి తనదంటూ ముందు గోడొక్కటే మిగిలింది. ఆ గీత పని ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. దాని కోసమే వచ్చాను."

"అది ఉంది కదా. శుభ్రం చేయించాను."

"పెయింటుతో ఉండుంటే జాబితాలో రాసేదాన్ని. గీతలు ఇసుకతో పోయాయి. బట్టీలో కాలి గట్టిపడ్డ ఇటుకల పైపొర కూడా పోయింది. ఇక వాన నీళ్లు పీల్చుకుని పొడైపోతాయి."

మళ్లీ గీతలు గీయిస్తానన్నాడు డెస్. క్లెమ్ బతికే ఉన్నాడన్నాడు. అప్పుడది కొత్త గోడ అవుతుందని ఆవిడ మెల్లగా చెప్పింది. తలుపు వెనక నిలబడ్డ ఎవరిల్ అంతా విన్నది.

జాబితాలో పేరు ఎక్కలేదు. చలికాలం మొదట్లో ఎవరిల్ వసతి గృహంలో చేరింది. ఇల్లు కూల్చే పని మరొకడికి పోనివ్వక డెస్సే తీసుకున్నాడు. గాజులు, రేకులు, చెక్కడాలు వారంలో అమ్ముడయ్యాయి. ఇటుకలు ఎవరూ ముట్టుకోలేదు. రెండు వానలకే అంచులు రాలుతున్నాయి. చివరికి కొత్త రోడ్డు కిందికి పోశారు.

ఆదివారం వసతి గృహానికి వెళ్లినప్పుడు ముందు గోడ ఎవరు కొన్నారని ఎవరిల్ అడిగింది. సిడ్నీలో ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి మొత్తం తీసుకెళ్లాడని చెప్పాడు డెస్. ఎర్రగా, తన ఇంటి వరండాకి ఎదురుగా నిలబెట్టాడన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "ఒకసారి తీసుకెళ్తావా, డెస్? చెయ్యి పెట్టి చూస్తాను."

చాలా దూరం అన్నాడు.

"పొద్దున్నే బయల్దేరుదాం," అంది ఎవరిల్.