సరళ ఇంటికెలా వెళ్ళింది?

కోడిని కోస్తుంటే మాణిక్యం చూసి తట్టుకోలేదు. చేపల బజారుకెళితే కత్తిపీట ముందు నిలబడదు. ముక్కలు కొట్టి సంచిలో వేసేదాకా పక్క కొట్లో ఉల్లిపాయలు ఏరుతున్నట్టు నటిస్తుంది. అలాంటి మనిషి మధ్యాహ్నం రెండయ్యేసరికి పక్కవాటాలో కనకరత్నం టీచరుగారి టీవీ ముందు చతికిలబడి, మనుషుల్ని అడ్డంగా నరికే సీరియల్ని రెప్ప వెయ్యకుండా చూస్తోందంటే, ఎవరికైనా ఆరా తియ్యాలనిపిస్తుంది.

సీరియల్ పేరు ‘బురదగట్టు’. రోజూ సాయంత్రం ఏడ్చే రకం కాదు, నెట్‌లో వచ్చే రకం. మొత్తం ఎనిమిది భాగాలు. కొల్లేటి పక్కన జనం చెరువులు లాక్కుని పెద్దవాడైన సూరిబాబు అనేవాడి కథ. కనకరత్నం ముప్పై ఏళ్ళు ఏలూరు బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. బూతు మాట వచ్చినప్పుడల్లా రిమోట్‌తో శబ్దం తగ్గిస్తుంది. కాకపోతే ఆవిడ వేలు ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతుంది, ముగ్గురూ బూతంతా శుభ్రంగా విన్న తరవాత.

మూడో ఆవిడ మహబూబ్ బీ, వెనక వీధి. వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. ఊరికే కూర్చోవడం చేతకాదు గనక నేసిన ముక్కొకటి ఒళ్ళో వేసుకొచ్చి, పైకి లేచిన ఉన్ని పోగుల్ని చిన్న కత్తెరతో కత్తిరిస్తూ చూస్తుంది. తెరమీద తల తెగినా ఆవిడ కత్తెర ఆగదు.

రోజుకొక్క భాగమే చూడాలనీ, ఎవరూ ఇంట్లో దొంగతనంగా ముందుకెళ్ళి చూడకూడదనీ టీచరుగారి కట్టుబాటు. తరవాత టీ. టీతో పాటు వాదన. సీరియల్ ముప్పావుగంటైతే వాదన గంటన్నర.

అసలు సంగతి ఆ ఇద్దరికీ తెలియదు. మాణిక్యం బీరువాలో, పట్టుచీరల కింద, కోర్టు సమను ఉంది. సోమవారం పొద్దున పదిన్నరకి హాజరు కావాలి.

రెండేళ్ళ కిందటి మాట. మాణిక్యం కాపురం అప్పుడు భీమడోలు అవతల పల్లెలో. భర్త కోదండరామయ్య వరి చూసుకుంటే, మరిది గంగాధరరావు కొల్లేటివైపు చేపల చెరువులు చూసుకునేవాడు. చెరువు కాపలాకి కొల్లేటికోట నుంచి క్రీస్తుదాసు వచ్చేవాడు. అతనికి పొద్దుటి అన్నం మాణిక్యమే క్యారేజీలో సర్ది పట్టుకెళ్ళేది. ఆ రోజు వెళ్ళేసరికి అతను ఉత్తరపు గట్టుమీద బోర్లా పడున్నాడు. పక్కనే చేపల దొంగల కోసమని గంగాధరరావు కట్టించిన కరెంటు తీగ. ఆమె కళ్ళముందే మరిదీ, అతని కారు డ్రైవరూ ఆ తీగ చుట్టేసి, మనిషిని ఈడ్చుకెళ్ళి మోటారు షెడ్డులో స్టార్టరు పక్కన పడుకోబెట్టారు. “తడి చేత్తో స్టార్టర్ ముట్టుకున్నాడు వదినా. మీరు చూసిందీ అదే” అన్నాడు గంగాధరరావు. పోలీసులొస్తే మాణిక్యం అదే చెప్పింది. నెల తిరక్కుండా, కూతురు తేజశ్రీ కాలేజీ దగ్గరవుతుందని చెప్పి ఏలూరులో ఇల్లు తీసుకున్నారు. కాలేజీ దగ్గరైన మాట నిజమే. చెరువు దూరమైన మాట అంతకన్నా నిజం.

ఇప్పుడు కేసు విచారణకొచ్చింది. శవాన్ని మొదట చూసిన మనిషి మాణిక్యం. షెడ్డులోనే చూశానని ఇంకోసారి అనేస్తే గంగాధరరావు కేసులోంచి బయటపడతాడు. గట్టుమీద చూశానంటే లోపలికి పోతాడు, మాణిక్యం కాపురం ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి రోజుల్లో ‘బురదగట్టు’ నాలుగో భాగంలో సూరిబాబు తన చెరువు కాపలావాణ్ణి చంపించాడు. అది సూరిబాబు భార్య సరళ కిటికీలోంచి చూసింది. మాణిక్యం రెప్ప వెయ్యడం మానేసింది అప్పటినుంచే.

శనివారం ఆరో భాగం అయ్యాక కనకరత్నం టీ గ్లాసులు పెట్టి, బళ్ళో ప్రశ్న వేసినట్టే వేసింది.

“నాకో సందేహమండీ. ఇంత దరిద్రగొట్టు కథని మనం ఎందుకింత ఇష్టంగా చూస్తున్నాం? ఒక్క మంచివాడు లేడు. ఉన్నవాణ్ణి నాలుగో భాగంలోనే చంపేశారు.”

“తివాచీ కొనేవాళ్ళని చూశారా టీచరుగారూ?” అంది మహబూబ్ బీ. “తెలిసినవాడైతే ముందు తిరగేసి చూస్తాడు. ముడులన్నీ వెనకే కదా కనబడేది. పువ్వులు చూసి మురిసిపోయేవాడికి ఏదైనా అంటగట్టొచ్చు. పెద్ద ఇళ్ళని ఇలా తిరగేసి చూపించే కథ ఇంకెక్కడ దొరుకుతుంది మనకి?”

“నేనలా అనుకోనండీ” అంది కనకరత్నం. “ఆ భయం మన గుమ్మం దాటి రాదు. పులిని బోనులో పెట్టి చూపించినట్టు. అందుకే బాగుంటుంది.”

“మరి మాణిక్యం అంతలా చూడ్డమెందుకు? సూరిబాబు మీసాలు నచ్చాయేమో” అని మహబూబ్ బీ కత్తెర ఆడించింది.

మాణిక్యం నవ్వేసింది. నవ్వకపోతే అనుమానిస్తారు. “మీసాలేంటక్కా! ఈ తీసినవాళ్ళకి చేపల సంగతే తెలీదు. మిట్టమధ్యాహ్నం వల లాగిస్తున్నారు చూడండి. ఎండలో పట్టిన చేప ఐసులోకి వెళ్ళేలోపే మెత్తబడిపోద్ది. తెల్లారగట్ల పడతారండీ ఎవరైనా.”

“అంటే తప్పులు పట్టడానికి చూస్తున్నారా?” అంది కనకరత్నం.

“సరళ చెప్తుందా లేదా అని చూస్తున్నానండీ.” మాట జారేసింది మాణిక్యం. ఇక ఆగలేక, “టీచరుగారూ, రేపు మిగిలిన రెండూ ఒకేసారి చూసేద్దామండీ” అని కూడా అడిగేసింది.

కనకరత్నం కళ్ళజోడు సర్దుకుని ఆమెను తేరిపార చూసింది. ఏనాడూ ఇంకో అరగ్లాసు టీ కూడా నోరు తెరిచి అడగని మనిషి. అయినా ఒప్పుకుంది. మనసులో ఆవిడకీ చూడాలనే ఉంది, కట్టుబాటు పెట్టినందుకు ఇరుక్కుపోయింది గానీ.

ఆదివారం ఎనిమిదో భాగంలో సరళ కోర్టుకెళ్ళింది. బయట జోరున వాన. బోనెక్కి జుట్టు వెనక్కి తోసుకుని, “చంపించింది నా భర్తే!” అంది. కెమెరా ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగింది. సూరిబాబు మీసం వణికింది. కనకరత్నం చప్పట్లు కొట్టింది. మహబూబ్ బీ కత్తెర మొదటిసారి ఆగింది. సరళ కోర్టు మెట్లు దిగుతూ వానలోకి నడిచింది. అంతే, పేర్లు పడ్డాయి.

“ఇంతేనా?” అంది మాణిక్యం.

“ఇంకేం కావాలండీ? ఎంత బాగా ముగించాడు!” అంది కనకరత్నం.

“ఇంటికెలా వెళ్ళిందండీ మరి?” మాణిక్యం గొంతు పెరిగింది. “ఎవరి కారులో వెళ్ళింది? వెళితే తలుపెవరు తీశారు? అత్తగారు ఏమంది? ఆ పూట అన్నం ఎవరు వండారు, ఎవరు తిన్నారు? మెట్లు దిగి ఊరుకుంటే అయిపోద్దా?”

“కథకి అవన్నీ అక్కర్లేదు మాణిక్యంగారూ. అక్కడితో దాని పని అయిపోయింది.”

“కథకి అక్కర్లేదేమోనండీ, నాక్కావాలి. రేపు పదిన్నరకి నాకు వాయిదా.”

తరవాత అంతా చెప్పేసింది. తీగ, గట్టు, షెడ్డు, క్యారేజీ. చెబుతున్నంతసేపూ తెరమీద పేర్లు పైకి పోతూనే ఉన్నాయి, కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు.

అయ్యాక ఆమె కనకరత్నం వైపు ఆశగా చూసింది. ఇప్పుడే చప్పట్లు కొట్టిన మనిషి కదా, ఏదో ఒకటి అంటుందని.

కనకరత్నం గొంతు సవరించుకుంది. “తొందరపడకండి. తేజశ్రీ పెళ్ళికి ఎదిగిన పిల్ల. కోదండరామయ్యగారికి ఒక్కడే తమ్ముడు. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు...” అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది. సరళకి కొట్టిన చప్పట్లు ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉన్నట్టున్నాయి, ఆ చేతుల్ని కొంగు కింద దాచుకుంది.

మహబూబ్ బీ చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. “నేను వస్తాను రేపు. కోర్టు వరండాలో కూర్చోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా” అంది.

మాణిక్యానికి ఆ ఇద్దరి మీదా కోపం రాలేదు. టీచరుగారు భయపడటం చూశాక తన భయం కొంచెం మామూలుదిగా అనిపించింది. ఇంత చదువుకున్న మనిషికే కాళ్ళు తడబడితే తను రెండేళ్ళు నోరు కట్టుకోవడం పెద్ద వింతేం కాదు. అలాగని అది మంచిపనీ కాదు. ఈ రెండు మాటలూ ఆ సాయంత్రమంతా ఆమె బుర్రలో ఒకదాని పక్కన ఒకటి కూర్చునే ఉన్నాయి.

సోమవారం గంగాధరరావు కారులో వచ్చాడు. దారిలో ఎంతో మర్యాదగా, “షెడ్డు, స్టార్టరు. ఈ రెండే మాటలు వదినా. మిగతాది మన ప్లీడరుగారు చూసుకుంటారు” అన్నాడు. పక్క సీట్లో కోదండరామయ్య కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

కోర్టు హాలు సీరియల్లోలా లేదు. వాన లేదు, ఉక్కపోత. ఫ్యాను చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. ఎవరో ఆవలించారు. గవర్నమెంటు ప్లీడరు కాగితాలు తిరగేస్తూ, “క్రీస్తుదాసు శవాన్ని మీరు మొదట ఎక్కడ చూశారమ్మా?” అని అడిగాడు, బియ్యం కార్డు నంబరు అడిగినంత తాపీగా.

“గట్టుమీదండీ” అంది మాణిక్యం.

“గట్టిగా చెప్పండమ్మా, వినబడట్లేదు” అన్నారు జడ్జిగారు.

“ఉత్తరపు గట్టుమీదండీ.”

టైపు చేసే అమ్మాయి తలెత్తి, “షెడ్డులోనా అండీ?” అంది, ముందున్న పాత కాగితం చూసుకుంటూ.

“కాదమ్మా. గట్టుమీద. తీగ పక్కన. షెడ్డులోకి తరవాత ఈడ్చుకెళ్ళారు.” మూడోసారి చెప్పేసరికి ఆమె గొంతు హాలంతా వినబడింది. “అప్పుడు అబద్ధం చెప్పానండీ. భయపడి.”

కెమెరా ఏదీ ఆమె చుట్టూ తిరగలేదు. టైపు చప్పుడొక్కటే. అవతలి ప్లీడరు లేచి, రెండేళ్ళ కిందట అబద్ధమాడినావిడ ఇవాళ నిజం చెబుతోందని నమ్మకమేంటని అరగంట సేపు తిప్పి తిప్పి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే, అనుకుంది మాణిక్యం. అయినా గట్టు దగ్గరనుంచి కదల్లేదు. ఆ మధ్యలో ఎప్పుడో కోదండరామయ్య లేచి బయటికెళ్ళిపోవడం చూసింది.

వరండాలోకి వచ్చేసరికి కారు లేదు. మహబూబ్ బీ స్తంభం పక్కన కూర్చునుంది. ఆవిడ వెనక, వస్తానని చెప్పని కనకరత్నం కూడా ఉంది. “ఆటో పిలుస్తానండీ. ఇవాళ మీరూ తేజశ్రీ మా ఇంట్లోనే భోంచెయ్యండి” అంది తలొంచుకుని.

అప్పుడొచ్చింది సువార్తమ్మ, క్రీస్తుదాసు భార్య. నీరుకావి రంగు చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. సీరియల్ ఎనిమిది భాగాల్లో ఆ కాపలావాడి పెళ్ళాన్ని ఒక్కసారి, శవం మీద పడి ఏడుస్తుండగా చూపించారు. ఆమె ఇంటికెలా వెళ్ళిందని ముగ్గుర్లో ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి మాణిక్యానికి ఇప్పుడే తట్టింది.

కాళ్ళమీద పడుతుందేమో, దణ్ణం పెడుతుందేమో అని కంగారుపడింది. సువార్తమ్మ రెండూ చెయ్యలేదు.

“గట్టుమీదేనని నాకు తెలుసండి” అంది మామూలుగా. “ఒంటికి నీళ్ళు పోసింది నేనేగా. లుంగీ నిండా నల్లమట్టండి. షెడ్డులో అంతా సిమెంటు కదండీ. ఎస్సైగారికి చెప్పాను, ప్లీడరుగారికి చెప్పాను. కూలీదాని మాట ఎవరూ రాసుకోలేదు.”

మాణిక్యం రెండేళ్ళు దాచానని కుమిలిపోయిన నిజం ఈ మనిషికి మొదటి రోజే తెలుసు. తను దాచింది నిజాన్ని కాదు, ఈమె మాటకి విలువనిచ్చే ఒక్క మాటని.

“ఇవాళ మీరు చెబితే టకటకా టైపు కొట్టేశారండి” అంది సువార్తమ్మ. “రెండేళ్ళు పట్టిందేంటండీ అమ్మగారూ?”

ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కనకరత్నం ఆటో పిలవడానికి చెయ్యెత్తి, దించేసింది. మాణిక్యం వెళ్ళి, సువార్తమ్మ పక్కన ఆ వరండా గచ్చుమీద కూర్చుంది.

“చెప్తానమ్మా” అంది. “నువ్వు అడుగుతూ ఉండు, నేను చెప్తాను.”