వాలిన అక్షరాలు

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున తాతల నాటి హాల్‌బెర్గ్ వినోదాల పార్కును ఇప్పుడు నడుపుతున్నది అక్కాతమ్ముళ్లు మార్లిస్, కర్టిస్. ఆ చలికాలం పార్కు మూసి ఉన్నప్పుడు కర్టిస్ కొత్తదనం మీద మోజుతో గేటు మీది లావుపాటి ఎర్ర అక్షరాలు దింపించి, సన్నటి బూడిదరంగువి పెట్టించాడు. వసంతంలో పార్కు మళ్లీ తెరిచిన వారంలోనే ఒక పెద్దాయన ఆ బోర్డు చూసి కారు దిగి, పళ్ల డాక్టరు ఏ అంతస్తులో ఉంటాడని టికెట్ కౌంటర్లో అడిగాడు.

"మన దగ్గరికొస్తే పళ్లు పీకుతామనుకుంటున్నారురా జనం," అంది మార్లిస్. ఆమే టొలీడో నగరం నుంచి రెనాటా కోవాలిక్‌ను పిలిపించింది.

రెనాటా దుకాణాల బోర్డులకు, బేస్‌బాల్ జట్ల చొక్కాలకు అక్షరాలు గీసి పేరు తెచ్చుకున్న మనిషి. పాతవే మళ్లీ ఎక్కించేద్దామని కర్టిస్ అంటే ఆమె ఒప్పుకోలేదు. అవి గుర్రాల రంగులరాట్నం ఒక్కటే ఉన్న రోజులవని, ఇప్పుడు జనం వచ్చేది గుట్టలెక్కి దూకే చెక్క రోలర్‌కోస్టర్ కోసమని తేల్చి చెప్పింది. గొంతు బొంగురుపోయేదాకా దాని ముందు సీట్లోనే తిరిగి, ఇంటికెళ్లి గీయడం మొదలుపెట్టింది.

వారం తర్వాత ఒక్క కాగితంతో వచ్చింది. పార్కు పేరులోని ఇంగ్లీషు అక్షరాలు గుట్ట ఎక్కుతున్నట్టు పైకి పోతున్నాయి. శిఖరం మీద 'ఎల్' ముందుకు వాలి ఉంది. చివరి 'జి' తోక ఒక్కసారిగా కిందికి జారి, పేరంతటి కిందా సాగింది.

కర్టిస్ మిగతా నమూనాలు ఏవని అడిగాడు. లేవంది రెనాటా.

"ఆ 'ఎల్' పడిపోయేలా ఉందండీ. కాస్త నిటారుగా నిలబెట్టండి," అన్నాడు కర్టిస్.

"పడిపోయేలా ఉంటేనే కదా కడుపులో తిప్పేది. మీరు అమ్మేది అదే. దాన్ని నిలబెడితే మళ్లీ డాక్టరు బోర్డే అవుతుంది."

అతను మొండికేశాడు. ఆఖరిసారి రోలర్‌కోస్టర్ ఎప్పుడెక్కారని రెనాటా అడిగింది. అతనికి గుర్తులేదు. మార్లిస్ నవ్వి, తమ్ముణ్ణి చెయ్యి పట్టి లేవదీసింది. తీసుకెళ్లి ముందు సీట్లో రెనాటా పక్కన కూర్చోబెట్టింది. శిఖరం అంచున బండి ఒక్క క్షణం ఆగినట్టై ముందుకు వాలినప్పుడు కర్టిస్ చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

దిగాక కళ్లజోడు సర్దుకుంటూ, "అలాగే ఉంచండి," అన్నాడు.

కొత్త అక్షరాలు జూన్‌లో గేటు మీదికి ఎక్కాయి. పెద్ద రోడ్డు మీద పోయే కార్ల కిటికీల్లోంచి, రోలర్‌కోస్టర్ ఎక్కినట్టే, చేతులు బయటికొచ్చి ఊగడం మొదలైంది. రెనాటా రోడ్డు అవతల నిలబడి చూసుకుంది. ఒక్క గీత కూడా మార్చాలనిపించలేదు. అక్కాతమ్ముళ్లతో కలిసి, వేయించిన సరస్సు చేపలు తినడానికి వెళ్లింది.