పేడ పూసిన విత్తులు

సంచి సర్దుతున్నంతసేపూ బొమ్మక్కది ఒకటే పని. చీర మడిచి పెట్టడం, తియ్యడం, మళ్ళీ మడవడం. ఒకే వారంలో ఆ ఇంట్లోంచి రెండు ప్రయాణాలు. కూతురు వీరమ్మాళ్ ఈ పూట తిరిగి విరుదునగరం వెళ్తుంది, పంతులమ్మల శిక్షణ బడికి. కొడుకు తిరుపతిసామి ఆదివారం మద్రాసు బండెక్కి, అక్కడినుంచి ఓడలో రంగూన్ పోతాడు, పప్పుల మండీలో పనికి.

"ఎన్నిసార్లు మడుస్తావమ్మా? కోవిల్‌పట్టి టేసనుకు బండి కట్టి నిలిచుండారు."

"నీకేమే, పోయేదానివి. ఉండి సూసేది నేను గదా."

పదహారేళ్ళకే మగడు పోయి పుట్టింటికి చేరిన పిల్ల వీరమ్మాళ్. ఎనిమిదో తరగతి దాకా చదివి, పట్టుబట్టి శిక్షణలో చేరింది. అక్కడ పరీక్ష పాఠమని ఒకటుంది. నిజమైన బడిపిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, పెద్ద టీచరమ్మ వెనక బెంచీ మీద కూర్చుని చూస్తుండగా ముప్పావుగంట పాఠం చెప్పాలి. వీరమ్మాళ్ ఒకసారి తప్పింది. రెండోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. ఆ రెండోసారి ఎల్లుండి శుక్రవారమే.

తిరుపతిసామి గుమ్మంలో చేరగిలబడి నవ్వాడు. "తప్పితే ఏడ్సొద్దు పిల్లా. ఆదివారం నా రైలు విరుదునగరంలో నిలుస్తుంది. సంచితో వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలువు, ఎక్కించుకుని పోతా. మా పప్పుల మండీలో నలుగురికి వండి వేసే మనిషి కావాల. ఓడలో నీకూ చోటు సెప్పి పెట్టినా."

"గెలిస్తే?"

"గెలిస్తే ఒట్టిచేతుల్తో రా. మొగం సూపించి పో. నా తిండికి నేనే పొగ ఊదుకుంటా."

ఓడ మాట వినగానే బొమ్మక్క మడిచిన చీర మళ్ళీ విప్పింది. ఒక బిడ్డ నీళ్ళు దాటడం ఖాయమైపోయింది. రెండో బిడ్డ దాటడమా, మానడమా అన్నది ఎవరో టీచరమ్మ చేతి పెన్సిల్ మీద ఆధారపడి ఉంది.

"అమ్మా, పాఠం పత్తి మీద. గింజ తియ్యని పత్తి కొంచెం, విత్తులు పిడికెడు అడిగినా గదా, పెట్టినావా?"

"పెట్టినా, అడుగున మూట కట్టి. పెద్ద టీచరమ్మ సూసేది. గొడ్డుకు వేసే విత్తు పెడతానా? మంచి విత్తే పెట్టినా."

రైల్లో వీరమ్మాళ్ తన పాఠం నోట్సు తీసి చదువుకుంది. కాగితం మధ్యన గీత. ఎడమ పక్క విషయం, కుడి పక్క పద్ధతి. పోయినసారి తప్పినప్పుడు పెద్ద టీచరమ్మ పొన్నమ్మాళ్ ఒకే ముక్క అంది. "ప్రశ్న అడిగేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వే. ఇంక పిల్లలెందుకు వచ్చినట్టు?" ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అందుకని ఈసారి ఇరవైరెండు ప్రశ్నలు రాసింది. ఒక్కో ప్రశ్న ఎదురుగా పిల్లలు చెప్పవలసిన జవాబు కూడా రాసి పెట్టుకుంది. విత్తు మీద ఏముంది? తెల్లని నూగు. నూగు ఎలా ఉంది? మెత్తగా. సాత్తూరు దాటేసరికి ఇరవైరెండూ కంఠతా వచ్చేశాయి. అయినా గుండె కుదుటపడలేదు. పిల్లలు ఇంకేదైనా జవాబు చెబితే ఏం చెయ్యాలో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

శుక్రవారం మూడో తరగతి గదిలో ముప్పైమంది ఆడపిల్లలు. పట్నం పిల్లలు, ఎక్కువమంది మగ్గాల ఇళ్ళవాళ్ళు. వెనక బెంచీ మీద పొన్నమ్మాళ్, ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్సిల్. వీరమ్మాళ్ పత్తి పక్కన పెట్టి, బల్ల మీద విత్తుల మూట విప్పింది.

విప్పి అలాగే నిలబడిపోయింది.

నూగు లేదు, తెలుపు లేదు. బూడిదరంగు ఉండలు. పేడ వాసన.

నల్లరేగడి పొలాల్లో విత్తే ముందు రోజుల్లో పత్తి విత్తుల్ని పేడనీళ్ళలో వేసి, గోనె మీద దొర్లించి ఎండబెడతారు. అది అక్టోబరు మొదట్లో వచ్చే పురట్టాసి నెల చివరి వారం, బొమ్మక్క పొలం విత్తుకు సిద్ధమవుతోంది. ఆమె లెక్కలో మంచి విత్తంటే అదే. పేడ పూయని విత్తును పెద్దమనుషుల ముందుకు పంపడం ఆమెకు తల దువ్వకుండా పిల్లను పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు.

ముందు బెంచీలోని వళ్ళియమ్మాళ్ మెడ సాచి చూసింది. "టీచర్! మేక పెంటికలు!"

గదంతా గొల్లుమంది. "ఛీ, టీచర్ పేడ తెచ్చింది!" ఒకతె ముక్కు మూసుకుంది. ఒకతె వెనక్కి జరిగి పక్కదాని పలక పడేసింది. వెనక పెన్సిల్ కదిలిన చప్పుడు వినిపించింది.

ఇరవైరెండు ప్రశ్నల్లో ఒక్కటీ పనికిరాదు. వీరమ్మాళ్‌కు ప్లాట్‌ఫారం కనబడింది, సంచి కనబడింది, ఎరగని ఊళ్ళో పొగచూరిన వంటిల్లు కనబడింది. ఇది విత్తేనమ్మా, దీనికి పేడ ఎందుకు పూస్తారంటే, అని చెప్పబోయింది.

అప్పుడు తల్లి గుర్తొచ్చింది. విత్తే గొర్రు వెనక నడుస్తూ, పిడికిలి సడలించి సడలించి దాని గొట్టంలోకి విత్తులు వదిలే తల్లి. చిన్నప్పుడు తనూ అడిగింది, విత్తుకు పేడ ఎందుకమ్మా అని. బొమ్మక్క చెప్పలేదు. పూయని విత్తులు చేతిలో పోసి, "నువ్వే వేసి సూడు," అంది.

వీరమ్మాళ్ చెప్పబోయిన మాట మింగేసింది.

"మేక పెంటికలేనా? వళ్ళీ, ఇట్రా. ఒకటి తీసుకుని ఆ మూలనున్న నీళ్ళ గిన్నెలో కడిగి చూడు."

వళ్ళియమ్మాళ్ రెండు వేళ్ళతో, మొహం అటు తిప్పుకుని తీసుకుంది. కడిగింది. కడిగినకొద్దీ మొహం ఇటు తిరిగింది. "లోపల బొచ్చుంది టీచర్!"

తతిమ్మావాళ్ళు బెంచీలు దిగి మూగారు. వీరమ్మాళ్ తలా కాస్త పత్తి పంచి గింజలు వొలవమంది. గోళ్ళతో గిల్లి గిల్లి వొలిచారు. వొలిచినవీ కడిగినదీ ఒకటేనని వాళ్ళే పోల్చుకున్నారు. ఇప్పుడొక గొట్టం కావాలి. బల్ల మీద ఉన్నది పాఠం నోట్సు ఒక్కటే. దాన్నే చుట్టింది.

"నేల మీద ఒక్కో జానకు ఒక్కో విత్తు పడాలి. మీరు వేయండి, చూద్దాం."

నూగు గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని గొట్టంలో ఇరుక్కున్నాయి. ఊపితే ముద్దగా పడ్డాయి. పేడ ఉండలు మాత్రం టపటపా ఒక్కొక్కటే జారాయి. కారణం వీరమ్మాళ్ చెప్పలేదు. అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆమెకు ప్రాణం మీదికొచ్చింది.

"టీచర్! ఒకదాన్నొకటి పట్టుకోకుండా పూశారు టీచర్!" అని అరిచింది వళ్ళియమ్మాళ్.

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళాక పొన్నమ్మాళ్ లేచి వచ్చింది. "నోట్సు ఏదమ్మా?"

వీరమ్మాళ్ గొట్టం విప్పి, చీర కొంగుతో పేడ తుడిచి ఇచ్చింది. పొన్నమ్మాళ్ అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చదివింది. ఇరవైరెండు ప్రశ్నలూ, ఇరవైరెండు జవాబులూ.

"ఇందులో ఒక్కటి కూడా అడగలేదే?"

"లేదమ్మా."

"అడిగుంటే ఈసారీ తప్పించేదాన్ని." కాగితం కింద సంతకం చేసింది. "పద్ధతి గీతకు కుడి పక్కన రాసి ఊరుకునేది కాదు. ఇవాళ తెలిసింది కదా. వెళ్ళి చేతులు కడుక్కో, నీ కంపు నాకూ అంటింది."

వీరమ్మాళ్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఏడ్చింది. మొహం కూడా కడుక్కున్నాక నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే తల్లికి కార్డు రాసింది. 'అమ్మా, మంచి విత్తే పెట్టినావు.'

ఆదివారం రైలు వచ్చి నిలిచింది. తిరుపతిసామి కిటికీలోంచి తల బయటపెట్టి ముందు చెల్లెలి మొహం చూడలేదు, చేతులు చూశాడు.

"సంచి ఏదే?"

"బడిలోనే ఉంది."

"అట్లైతే?"

"గెలిచినా అన్నా."

"అయ్యో పావం, ఆ పిల్లకాయలు!" అని గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సాత్తూరులో కొన్న కారాసేవు పొట్లం కిటికీలోంచి అందించాడు. "పోనీలే. అమ్మకు ఒక బిడ్డన్నా ఈ గట్టున ఉంటుంది."

"నువ్వెప్పుడు వస్తావు?"

"వచ్చే దీపావళి కాదు, ఆ పై దీపావళికి. నీ బడి ఎక్కడుంటే అక్కడ దిగుతా."

బండి కదిలింది. వీరమ్మాళ్ పొట్లం పట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, ఒక్కతే బడికి తిరిగి వచ్చింది. గుండె తేలికగా ఉంది. దారిలోనే సగం కారాసేవు తినేసింది.

మరుసటి ఏడు ఆమెకు కోవిల్‌పట్టి పక్కనే బడి దొరికింది. బొమ్మక్క ఏటా పురట్టాసిలో విత్తులకు పేడ పూసి, ఒక పిడికెడు ఆ బడికి పంపేది.

తిరుపతిసామి 1930 అక్టోబరు పన్నెండున విరుదునగరం దాటి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. 1933 జూలై చివర, ఆడి నెలలో, రంగూన్‌లో జ్వరంతో చనిపోయాడు.